గోడ మీది నవ్వు: తెలుగు హాస్యచిత్రాల చేతిపని పోస్టర్లు

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

• హాస్యచిత్రానికి పోస్టర్ గీయడంలో ఉన్న ప్రత్యేకమైన ఇబ్బందిని వివరించగలుగుతారు.
• ఆ ఇబ్బందిని చిత్రకారులు దాటిన మూడు పద్ధతులను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• చేతితో గీసిన పోస్టర్ తయారైన క్రమాన్ని దశలవారీగా రాయగలుగుతారు.
• మీ ఊళ్లో దొరికే పాత పోస్టర్‌ను పరిశీలించి, దాని వివరాలను నమోదు చేయగలుగుతారు.

6.1 పరిచయం

"ఫిలింనగర్ వర్గాల సమాచారం" అన్న మాటను పత్రికల్లో మీరు చాలాసార్లు చదివి ఉంటారు. ఫిలింనగర్ హైదరాబాదులో జూబ్లీహిల్స్‌ను ఆనుకొని ఉన్న ప్రాంతం. తెలుగు ఫిలిం ఛాంబర్ అక్కడే ఉంది. అన్నపూర్ణ, రామానాయుడు, పద్మాలయా స్టూడియోలు ఆ చుట్టుపక్కలే వెలిశాయి. అందుకే ఆ పేరు తెలుగు సినిమా పరిశ్రమ మొత్తానికీ మారుపేరైంది.

నేడు అక్కడ తయారయ్యే పోస్టర్ చాలావరకు కంప్యూటర్‌లో రూపుదిద్దుకుని, ముందుగా ఫోన్‌లలో విడుదలవుతుంది. కొన్ని దశాబ్దాల కిందట పరిస్థితి వేరు. సినిమా మొదట కనిపించేది గోడ మీద. ఆ గోడ మీది బొమ్మను ఒక మనిషి కుంచెతో గీసేవాడు. ఆ బొమ్మ చూసి, "ఇది నవ్వించే సినిమా, ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చు" అని జనం నిర్ణయించుకునేవారు.

ఈ భాగంలో హాస్యచిత్రాల పోస్టర్లను మాత్రమే తీసుకుంటున్నాం. పౌరాణికానికో, పోరాటాల సినిమాకో పోస్టర్ గీయడం కన్నా హాస్యచిత్రానికి గీయడం కష్టం. ఆ కష్టం ఏమిటో అర్థమైతే, పోస్టర్ చిత్రకారుడి పనితనం ఎక్కడుందో తెలుస్తుంది. ఆ బొమ్మలు నేడు ఎందుకు అరుదైపోయాయో, వాటిని నమోదు చేయడం ఎందుకు అవసరమో కూడా చివర్లో చూద్దాం.

6.2 అసలు సమస్య: నవ్వుకు సమయం కావాలి

ఒక హాస్య సన్నివేశాన్ని గుర్తు తెచ్చుకోండి. ముందు ఒక పరిస్థితి ఏర్పడుతుంది. ఆ తరవాత మనం ఒకటి ఎదురుచూస్తాం, ఇంకొకటి జరుగుతుంది. అప్పుడు నవ్వొస్తుంది. నటుడు మాట అనే ముందు ఆగే అరక్షణం కూడా ఇందులో భాగమే. అంటే హాస్యం కాలంలో నడిచే వ్యవహారం.

పోస్టర్‌లో కాలం లేదు. అది కదలదు, మాట్లాడదు. బస్సు కిటికీలోంచి చూసేవాడు దాన్ని రెండు మూడు క్షణాలే చూస్తాడు. వీరుడు కత్తి ఎత్తిన బొమ్మ వేస్తే వీరం కనిపిస్తుంది. తల్లి కన్నీళ్లు పెట్టుకున్న బొమ్మ వేస్తే దుఃఖం కనిపిస్తుంది. నోరు తెరిచి నవ్వుతున్న నటుడి బొమ్మ వేస్తే మాత్రం చూసేవాడికి నవ్వు రాదు. "ఇతనెందుకు నవ్వుతున్నాడు?" అన్న ప్రశ్న మాత్రం వస్తుంది. మరి కదలని బొమ్మలోకి హాస్యాన్ని ఎలా తేవాలి? ఈ ప్రశ్న సినిమాతో పాటే పుట్టింది.

6.3 మొదటి జవాబు ఫ్రాన్సులో

1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకొని జనానికి సినిమాలు చూపించారు. అందులో ఒకటి నిమిషం కూడా లేని హాస్యచిత్రం. తోటమాలి గొట్టంతో మొక్కలకు నీళ్లు పెడుతుంటాడు. వెనకనుంచి ఒక కుర్రాడు వచ్చి గొట్టాన్ని కాలితో తొక్కుతాడు. నీళ్లు ఆగిపోతాయి. ఏమైందా అని మాలి గొట్టంలోకి తొంగి చూస్తాడు. కుర్రాడు కాలు తీస్తాడు. నీళ్లు మాలి ముఖాన చిమ్ముతాయి.

1896లో మార్సెలిన్ ఓజోల్ అనే చిత్రకారుడు లూమియేర్ ప్రదర్శనలకు ఒక పోస్టర్ గీశాడు. అందులో తెర మీద ఈ మాలి కనిపిస్తాడు. తెర ముందు కూర్చుని నవ్వుతున్న ప్రేక్షకులూ కనిపిస్తారు. ఒక నిర్దిష్టమైన సినిమాలోని దృశ్యాన్ని చూపించిన తొలి పోస్టర్‌గా దీన్ని చరిత్రకారులు పేర్కొంటారు. అంటే ఆ గౌరవం దక్కింది ఒక హాస్యచిత్రానికి. ఓజోల్ కనిపెట్టిన ఉపాయం తేలికైనది: నవ్వించే దృశ్యంతో పాటు నవ్వేవాళ్లనూ చూపించాడు. దారిన పోయేవాడికి "లోపలికి వస్తే నీకూ ఇదే జరుగుతుంది" అన్న హామీ అందింది.

అదే 1896లో, జూలై 7న, లూమియేర్ ప్రదర్శన బొంబాయిలోని వాట్సన్ హోటల్‌కు చేరింది. భారతదేశంలో సినిమా ప్రచారానికీ అప్పుడే బీజం పడింది.

రెండో జవాబు కూడా ఫ్రాన్సు నుంచే తీసుకుందాం. జాక్ తాతి 1958లో 'మోనోంక్ల్' అనే హాస్యచిత్రం తీశాడు. 'మా మామయ్య' అని దాని అర్థం. ఆ సినిమా పోస్టర్‌ను పియేర్ ఎతే గీశాడు. ఎతే సర్కస్ విదూషకుడు కూడా. తరవాత తానే హాస్యచిత్రాలకు దర్శకత్వం వహించాడు. తాతి ధరించిన ఊలో పాత్రకు కొన్ని గుర్తులున్నాయి: పొడుగాటి మనిషి, ముందుకు వంగిన నడక, నోట్లో పైపు, నెత్తిన టోపీ, పొట్టి పాంటు. ముఖం స్పష్టంగా కనిపించకపోయినా ఈ గుర్తులతో మనిషిని పోల్చుకోవచ్చు. నవ్వించే సంఘటనను వదిలి, నవ్వించే మనిషి ఆకారాన్ని పట్టుకోవడం ఈ పద్ధతి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. హాస్యానికీ పోస్టర్‌కూ మధ్య ఉన్న వైరుధ్యాన్ని మూడు వాక్యాల్లో రాయండి.
2. ఓజోల్ పద్ధతికీ ఎతే పద్ధతికీ తేడా ఏమిటి?

6.4 తెలుగు హాస్యచిత్రాల్లో ఈ పద్ధతులు

ఆకారాన్ని పట్టుకునే పద్ధతికి తెలుగు సినిమాలో కావలసినంత సామగ్రి ఉంది. నిండైన శరీరంతో రేలంగి, పుల్లలా సన్నగా రమణారెడ్డి పక్కపక్కన నిలబడితే రెండు నీడలు చాలు, ఎవరో తెలిసిపోతుంది. జంధ్యాల దర్శకత్వంలో వచ్చిన 'చంటబ్బాయ్' (1986)లో చిరంజీవి చార్లీ చాప్లిన్ వేషంలో కనిపిస్తారు. ఆ వేషానికి టోపీ, చేతికర్ర, చిన్న మీసం సరిపోయాయి. ఇలాంటి గుర్తులు సినిమాకు ఎంత ఉపయోగమో పోస్టర్‌కు అంతకన్నా ఎక్కువ ఉపయోగం.

మూడో పద్ధతి కథలో ఉన్న చిక్కుముడిని చూపించి, విప్పకుండా వదిలేయడం. దీన్ని మనం 'హాస్యబీజం' అందాం. మాలి గొట్టంలోకి తొంగి చూసే క్షణం వరకే బొమ్మ వేసి ఆగిపోవడం లాంటిదిది. మిగతాది చూసేవాడి ఊహకు వదిలేస్తాం. తెలుగు హాస్యచిత్రాల్లో ఈ బీజాలు ఎంత స్పష్టంగా ఉంటాయో చూడండి.

'మిస్సమ్మ' (1955): ఉద్యోగం కోసం, పెళ్లి కాని ఇద్దరు భార్యాభర్తలమని అబద్ధం చెబుతారు. జంటగా నిలబడాలి, జంట కాకూడదు. ఒకే బొమ్మలో దగ్గరా దూరమూ రెండూ చూపించగలిగితే కథ చెప్పేసినట్టే.

'శ్రీవారికి ప్రేమలేఖ' (1984): ఎవరో ఎవరికో తెలియకుండా రాసిన ఉత్తరం. ఇక్కడ బీజం ఒక వస్తువు. ఉత్తరం, దాన్ని పట్టుకున్న మనిషి ముఖంలో ఆశ, అంతే.

'అహ నా పెళ్ళంట' (1987): డి. రామానాయుడు నిర్మించిన సినిమా. కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి పరమ పిసినారి. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. వేలాడే కోడి, కింద విస్తరి, మధ్యలో ఒక చూపు. ఇది కదలకపోయినా నవ్వు తెప్పించే దృశ్యం. ఎందుకంటే ఇందులో 'తరవాత ఏం జరుగుతుంది' అన్నది లేదు. ఉన్నదంతా ఒకే చూపులో ఉంది.

ఇక్కడ ఒక సూత్రం గమనించండి. హాస్యచిత్రంలో ఏ సన్నివేశం బాగా పేలిందో అదే పోస్టర్‌కు పనికొస్తుందని అనుకోకూడదు. మాట మీద ఆధారపడిన హాస్యం పోస్టర్‌లో నిలవదు. మనిషికీ వస్తువుకీ, కోరికకీ పరిస్థితికీ పొంతన కుదరకపోవడం మీద ఆధారపడిన హాస్యం నిలుస్తుంది. ఈ ఎంపికే పోస్టర్ చిత్రకారుడి మొదటి పని. కుంచె పట్టుకోవడం ఆ తరవాత.

6.5 ఫొటో ఉండగా కుంచె ఎందుకు?

స్టిల్ ఫొటోలు అప్పట్లోనూ ఉన్నాయి. చిత్రకారుడు వాటిని ముందు పెట్టుకునే గీసేవాడు. అయినా బొమ్మ గీయవలసిన అవసరం ఎందుకొచ్చింది? మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది రంగు. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రం 'లవకుశ' 1963లో వచ్చింది. ఆ తరవాత కూడా కొన్నేళ్లపాటు చాలా సినిమాలు నలుపు తెలుపుల్లోనే వచ్చాయి. 'మిస్సమ్మ', 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962) నలుపు తెలుపు చిత్రాలే. సినిమాలో లేని రంగు పోస్టర్‌లో కావాలంటే దాన్ని చిత్రకారుడే ఊహించి వేయాలి. తెర మీద బూడిద రంగులో కనిపించే చీరకు గోడ మీద ఏ రంగు ఉండాలో అతనే నిర్ణయించాలి. 'మాయాబజార్'కు 2010లో కంప్యూటర్ సాయంతో రంగులు అద్దారు. పోస్టర్ చిత్రకారులు నలుపు తెలుపు సినిమాల బొమ్మలకు చేత్తో రంగులు అద్దడం అంతకు అర్ధ శతాబ్దం ముందే చేశారు.

రెండోది కొలత. ఫొటోలో ఎవరి కొలత వారిదే. కుంచెతో అయితే అత్తను కొండంత చేసి అల్లుణ్ని చీమంత చేయవచ్చు. తల పెంచి ఒళ్లు తగ్గించవచ్చు. ఒకే చోట ఎప్పుడూ కలవని పాత్రలను ఒకే బొమ్మలో కూర్చోబెట్టవచ్చు. వ్యంగ్యచిత్రకారుడికి ఉన్న స్వేచ్ఛ పోస్టర్ చిత్రకారుడికీ ఉంది.

ఆ స్వేచ్ఛకు ఒక హద్దు కూడా ఉంది. అది నటుల హోదా. ఎవరి ముఖం ఎంత పెద్దదిగా ఉండాలి, ఎవరి పేరు ముందుండాలి అన్నది వ్యాపార విషయం. 'గుండమ్మ కథ' ఎన్.టి. రామారావుకు 100వ చిత్రం, అక్కినేని నాగేశ్వరరావుకు 99వది. ఎవరి పేరు ముందు వేయాలన్న పేచీ రాకుండా ఆ సినిమా మొదట్లో ప్రధాన నటుల పేర్లకు బదులు వారి బొమ్మలే చూపించారు. ఇంతమంది పెద్ద నటులున్నా సినిమా పేరు మాత్రం సూర్యకాంతం వేసిన గుండమ్మది. హాస్యం ఎక్కడుందో పేరు చెబుతుంది. కొలతలు ఎలా ఉండాలో హోదా చెబుతుంది. ఈ రెంటి మధ్య రాజీ కుదర్చడం చిత్రకారుడి వంతు.

మూడోది అక్షరం. తెలుగు లిపి గుండ్రనిది. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులు పైకీ కిందికీ సాగుతాయి. వాటిని వంచవచ్చు, ఊపవచ్చు. తలకట్టును టోపీగానో మీసంగానో మార్చవచ్చు. పేరు చదివేలోపే సినిమా స్వభావం తెలిసిపోతుంది. బాపు చేతిరాత ఈ విషయంలో అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆ రాత తరవాత కంప్యూటర్ అక్షరంగా కూడా వచ్చి, నేటికీ పెళ్లి శుభలేఖల మీదా పుస్తకాల అట్టల మీదా కనిపిస్తోంది. పేరులోనే పాత జ్ఞాపకం ఉంటే పని ఇంకా సులువవుతుంది. జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట', 'వివాహ భోజనంబు' (1988) రెండు పేర్లూ 'మాయాబజార్' పాటల నుంచి తీసుకున్నవే. గోడ మీద ఆ పేరు చదవగానే పాత నవ్వు గుర్తొస్తుంది.

6.6 చిత్రకారులు: బాపు, ఈశ్వర్

బాపు (1933–2014) అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. పత్రికల్లో కార్టూన్లు, కథలకు బొమ్మలు గీస్తూ పేరు తెచ్చుకొని, 1967లో 'సాక్షి'తో దర్శకుడయ్యారు. కార్టూనిస్టు దర్శకుడు కావడం వల్ల గీతకూ సినిమాకూ ఉన్న చుట్టరికం తెలుగులో బాగా బలపడింది.

అదే 'సాక్షి'తో పబ్లిసిటీ డిజైనర్‌గా పరిచయమైన వ్యక్తి ఈశ్వర్. ఆయన పూర్తి పేరు కొసనా ఈశ్వరరావు. సొంత ఊరు పాలకొల్లు. హాస్యనటుడు అల్లు రామలింగయ్యది కూడా ఆ ఊరే. మద్రాసు వెళ్లి, అప్పటికే పేరున్న పబ్లిసిటీ చిత్రకారుడు కేతా దగ్గర ఈశ్వర్ పని నేర్చుకున్నారు. ఆ తరవాత నాలుగు దశాబ్దాల్లో రెండున్నర వేలకు పైగా సినిమాలకు ప్రచార చిత్రాలు రూపొందించారు. తన వృత్తి గురించి 'సినిమా పోస్టర్' అనే పుస్తకం రాశారు. దానికి నంది పురస్కారం లభించింది. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం కూడా ఆయనకు దక్కింది. 2021లో చెన్నైలో కన్నుమూశారు.

ఈశ్వర్ ఉదాహరణ నుంచి ఒక విషయం గ్రహించాలి. పోస్టర్ కళ బడిలో నేర్పిన చదువు కాదు. గురువు పక్కన కూర్చుని నేర్చుకున్న పనితనం. అలాంటి విద్యలో ఒక తరం పని ఆగితే, తరవాతి తరానికి అందించేవారే ఉండరు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. 'హాస్యబీజం' అంటే ఏమిటి? పైన లేని ఒక తెలుగు సినిమా నుంచి ఉదాహరణ ఇవ్వండి.
2. నలుపు తెలుపు సినిమాకు పోస్టర్ గీసేటప్పుడు చిత్రకారుడి మీద పడే అదనపు బాధ్యత ఏమిటి?

6.7 పోస్టర్ తయారైన క్రమం

1. ఎంపిక: నిర్మాత దగ్గరినుంచి కథా సారాంశం, స్టిల్ ఫొటోలు వస్తాయి. చిత్రకారుడు రెండు మూడు చిన్న నమూనాలు గీసి చూపిస్తాడు.

2. మూలచిత్రం: ఒప్పుకున్న నమూనాను దళసరి కాగితం మీద పోస్టర్ రంగులతో పెద్దదిగా వేస్తాడు. పేరును విడిగా రాసి అతికించడమూ ఉంది.

3. రంగుల విభజన: మూలచిత్రాన్ని నీలం, ఎరుపు, పసుపు, నలుపు అని నాలుగుగా విడదీసి ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు తయారు చేస్తారు. తొలి రోజుల్లో లితో ముద్రణలో ఈ విభజనను కూడా పనివాళ్లు చేత్తోనే చేసేవారు. అందువల్ల గోడ మీది బొమ్మ ఒక్కరి చేతిపని కాదు.

4. ముద్రణ: పెద్ద పోస్టర్ ఒకే కాగితం మీద పట్టదు. దాన్ని ముక్కలుగా ముద్రిస్తారు. ఆరు షీట్ల పోస్టర్ అంటే ఆరు కాగితాలు కలిస్తే ఒక బొమ్మ. అతుకు ముఖం మధ్యలో పడకుండా చూసుకోవాలి. అంటించేవాడు ఒక అంగుళం పక్కకు జరిపితే హీరో మూతి వంకర పోతుంది.

5. అంటించడం: మైదాపిండి ఉడికించిన జిగురు, ఒక బకెట్టు, ఒక చీపురు బ్రష్షు, సైకిలు. రాత్రివేళ పని. తెల్లారేసరికి ఊరి గోడలు కొత్త సినిమాతో నిండిపోతాయి.

6. బ్యానర్: థియేటరు ముందు కట్టే పెద్ద బొమ్మలు వేరే పని. చిన్న బొమ్మ మీద గళ్లు గీసి, అంతకు పన్నెండు రెట్లో ఇరవై రెట్లో పెద్ద గళ్లున్న గుడ్డ మీదికి గడి తరవాత గడిగా దించుతారు. హాస్యనటుడి ముఖం ఇక్కడ పరీక్ష. అతిశయోక్తి ఒక గడి దాటితే ఆ నటుడు ఇంకెవరిలాగానో అయిపోతాడు.

6.8 మద్రాసు నుంచి ఫిలింనగర్ దాకా: ఏం వచ్చింది, ఏం రాలేదు?

తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులోనే తయారైంది. పబ్లిసిటీ చిత్రకారులూ అక్కడే ఉండేవారు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. ఆ తరవాతి రెండు దశాబ్దాల్లో పరిశ్రమ క్రమంగా హైదరాబాదులో స్థిరపడింది. ఫొటో ముద్రణ చవకవడం, ఆ తరవాత కంప్యూటర్ డిజైను, వినైల్ ఫ్లెక్సీ రావడంతో కుంచెతో పని అవసరం తగ్గిపోయింది. అంటే పరిశ్రమ జూబ్లీహిల్స్ చేరిన కాలమూ, చేతిపని పోస్టర్ వెనకబడిన కాలమూ ఇంచుమించు ఒకటే. బ్యానర్లు గీసినవాళ్లలో ఎందరో వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది.

పోస్టర్ భద్రంగా ఉండడానికి పుట్టింది కాదు. దాని ఆయుష్షు వచ్చే శుక్రవారం దాకానే. దాని మీద ఇంకొకటి అంటిస్తారు. వాన తడిపేస్తుంది. జిగురు రుచికి ఆవులూ మేకలూ నమిలేస్తాయి. ముద్రణ అయిపోయాక మూలచిత్రానికి వ్యాపారపరంగా విలువ లేదు. సినిమా నెగెటివ్‌ను ఆస్తిగా చూసినట్టు పోస్టర్ బొమ్మను ఆస్తిగా చూడలేదు. పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిలిం ఆర్కైవ్ సినిమాలతో పాటు పోస్టర్లను కూడా సేకరిస్తోంది. అయితే ఊరూరా గోడలెక్కిన వాటితో పోలిస్తే ఏ సంస్థ దగ్గరైనా మిగిలేది కొద్దే.

దీనివల్ల నష్టం పాత కాగితానికి మాత్రమే కాదు. సినిమా తెర మీద ఏముందో నేడు మళ్లీ చూడవచ్చు. ఆ సినిమాను ఆనాటి జనానికి ఏమని చెప్పి పిలిచారో, ఏది చూసి జనం నవ్వుతారని అనుకున్నారో చెప్పే సాక్ష్యం పోస్టరే. అది పోతే ప్రేక్షకుడి చరిత్రలో ఒక పేజీ పోతుంది.

6.9 కార్యాచరణ

మీ ఊళ్లోని పాత థియేటరు, ముద్రణాలయం, పాత కాగితాల దుకాణం, లేదా పాత పాటల పుస్తకాలు దాచుకున్న ఇంట్లో ఒక హాస్యచిత్రం పోస్టర్‌నో, ప్రచార చిత్రాన్నో వెతకండి. యజమాని అనుమతితో ఫొటో తీసి, కింది వివరాలు రాయండి.

1. సినిమా పేరు, సంవత్సరం, కాగితం కొలత.
2. మూలన చిత్రకారుడి సంతకం ఉందా? కింది అంచున ముద్రణాలయం పేరు ఉందా?
3. పూర్తిగా గీసిందా, ఫొటో మీద రంగు వేసిందా?
4. హాస్యాన్ని చూపిన పద్ధతి ఏది: నవ్వేవాళ్లా, ఆకారమా, బీజమా?
5. హాస్యనటుడి బొమ్మ ఎక్కడుంది? హీరో బొమ్మలో ఎన్నో వంతు?
6. అక్షరాల తీరు ఏం చెబుతోంది?

పోస్టర్‌ను మడవకండి. మడత దగ్గర రంగు ముందుగా రాలిపోతుంది. చుట్టి, ఎండా తేమా తగలని చోట ఉంచమని యజమానికి చెప్పండి.

6.10 సారాంశం

హాస్యానికి సమయం కావాలి. పోస్టర్‌లో సమయం లేదు. ఈ చిక్కును చిత్రకారులు మూడు విధాలుగా దాటారు: నవ్వేవాళ్లను చూపడం, నవ్వించే ఆకారాన్ని చూపడం, హాస్యబీజాన్ని చూపడం. సినిమాలో లేని రంగు, ఫొటోలో కుదరని కొలత, స్వభావం చెప్పే అక్షరం కుంచె వల్లనే సాధ్యమయ్యాయి. ఈ విద్య గురుశిష్య పద్ధతిలో సాగి, పరిశ్రమ హైదరాబాదుకు చేరిన కాలంలోనే వెనకబడింది. మిగిలిన పోస్టర్లను గుర్తించి వివరాలు నమోదు చేయడం సినిమా చరిత్ర విద్యార్థులు చేయదగిన పని.

6.11 ముఖ్య పదాలు

హాస్యబీజం: పరిష్కారం చూపకుండా నవ్వుకు కారణమైన పొంతన లేమిని మాత్రమే చూపే దృశ్యం.
మూలచిత్రం: ముద్రణ కోసం చిత్రకారుడు చేత్తో వేసిన మొదటి బొమ్మ.
లితో ముద్రణ: నూనెకూ నీటికీ పొసగని గుణం ఆధారంగా రాయి లేదా లోహపు పలక నుంచి బొమ్మను ముద్రించే పద్ధతి.
ఆరు షీట్ల పోస్టర్: ఆరు కాగితాలను కలిపి అంటిస్తే పూర్తయ్యే పోస్టర్.

6.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. హాస్యచిత్రాల పోస్టర్లలో నవ్వును సూచించే పద్ధతులను ఉదాహరణలతో చర్చించండి.
2. చేతిపని పోస్టర్ తయారైన దశలను వివరించి, అది కనుమరుగు కావడానికి కారణాలు తెలపండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. పోస్టర్‌లో తెలుగు అక్షరాల పాత్ర.
2. పబ్లిసిటీ డిజైనర్‌గా ఈశ్వర్ కృషి.
3. సినిమా ఉండగా పోస్టర్‌ను కూడా భద్రపరచడం ఎందుకు అవసరం?